హెన్రీ చెయ్యి, జిదాన్ తల

మొన్న సంక్రాంతి సెలవులకు అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మేనల్లుడికి పదిహేనేళ్ళు, ఫుట్‌బాల్ పిచ్చి. గోడ మీద ఎంబాపే పోస్టర్, చేతిలో ఎప్పుడూ ఫోన్. భోజనాలయ్యాక వచ్చి పక్కన కూర్చుని ఒక వీడియో నా ముందు పెట్టాడు. "మామా, నువ్వు ఎప్పుడూ హెన్రీ హెన్రీ అంటవు కదా, ఈయనేనా? చెయ్యితో బాల్ ఆపి గోల్ ఇప్పించినాయన?"

పదిహేను సెకన్ల వీడియో అది. ఔను, థియరీ హెన్రీ, ఆయనే అన్నాను. వాడు వేలితో పైకి జరిపి ఇంకోటి చూపించాడు. అందులో జిదాన్ రెండడుగులు వెనక్కి తిరిగి వచ్చి, ఇటలీ ఆటగాడు మాటెరాజీ ఛాతీ మీద తలతో గుద్దుతున్నాడు. "ఇదైతే మామూలుగా లేదు మామా. ఇచ్చిపడేసిండు!"

వాడి తప్పేమీ లేదు. వాడు పుట్టకముందు జరిగిన సంగతులు ఫోన్లో ఎలా కనపడితే వాడికి అలాగే తెలుస్తాయి. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇద్దరూ ఫ్రాన్స్ ఆటగాళ్ళే. ఇద్దరూ కలిసి ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్నవాళ్ళే. ఇద్దరూ కోట్లమంది చూస్తుండగా తప్పు చేసినవాళ్ళే. ఒకరిది తల, ఇంకొకరిది చెయ్యి. తలతో కొట్టింది పౌరుషం అయింది, చేత్తో ఆపింది మోసం అయింది. ఎందుకలా? వాడికి అప్పటికప్పుడు సరైన జవాబు ఇవ్వలేకపోయాను. ఇరవయ్యేళ్ళుగా హెన్రీని ఇష్టపడుతున్న నేను ఇవ్వాల్సిన జవాబు ఒకటుంది.

నేను హెన్రీని మొదట చూసింది వరంగల్‌లో ఇంజనీరింగ్ హాస్టల్ టీవీ గదిలో. క్రికెట్ ఉన్నరోజు ఆ గదిలో కాలు పెట్టే చోటుండేది కాదు. క్రికెట్ లేని శనివారం సాయంత్రాలు మాత్రం మాలాంటి నలుగురైదుగురివి. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం మూడుకి మొదలయ్యే మ్యాచ్ మనకు చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చేది. మెస్‌లో గబగబా తినేసి వచ్చి కూర్చునేవాళ్ళం. అప్పట్లో మాకు అతని పేరెలా పలకాలో కూడా తెలియదు. ఫ్రెంచ్ వాళ్ళు 'ఆన్రీ' అంటారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటికే మా నోళ్ళలో 'హెన్రీ' పాతుకుపోయింది. ఇక్కడా అలాగే రాస్తున్నాను.

లండన్ క్లబ్ ఆర్సెనల్ జెర్సీలో 14వ నంబర్. ఎడమవైపు టచ్‌లైన్ దగ్గర బంతి అందుకునేవాడు. ఎదురుగా డిఫెండర్ ఉంటాడు. హెన్రీ ఒక్క క్షణం ఆగేవాడు, దాదాపు నడకలాగా. డిఫెండర్ కూడా ఆగేవాడు. అంతే, మరుక్షణంలో ఇద్దరి మధ్య మూడు గజాల దూరం ఉండేది. లోపలికి కోసుకొచ్చి, ఒంటిని కాస్త పక్కకు తెరిచి, కుడికాలి లోపలి అంచుతో అవతలి పోస్టు వైపు బంతిని వంచి పంపేవాడు. గట్టిగా కొట్టడం కాదది, చూపు ఎటుంటే అటు పంపడం. కీపర్‌కు అది ఎక్కడికి వెళ్తోందో తెలుసు, మాకూ తెలుసు. ఎవరికి తెలిసినా లాభం ఉండేది కాదు. ఆ గోల్ అలాగే ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

అతను పుట్టింది 1977 ఆగస్టు 17న, ప్యారిస్‌కు నైరుతి దిక్కున ఉన్న లెజ్యులీ అనే శివారు ఊళ్ళో. అపార్ట్‌మెంట్ బ్లాకుల ఊరు. పాట్రిస్ ఎవ్రా, ఆంథోనీ మార్షల్ కూడా అక్కడ పెరిగినవాళ్ళే. హెన్రీ తండ్రిది గ్వాడలూప్ దీవులు, తల్లిది మార్టినిక్. రెండూ కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ పాలనలో ఉన్న దీవులు. క్లేర్‌ఫాంటేన్‌లో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే అకాడమీలో శిక్షణ, అక్కణ్ణుంచి మొనాకో క్లబ్. 1994 ఆగస్టు 31న పదిహేడేళ్ళకే మొనాకో తరఫున మొదటి మ్యాచ్ ఆడించింది అప్పటి కోచ్ ఆర్సెన్ వెంగర్. ఆ తర్వాత మూడు వారాలు కూడా గడవకముందే వెంగర్‌ను మొనాకో వదిలించుకుంది. ఆ ఇద్దరి కథ అక్కడితో ముగిసిపోవాల్సింది.

1997లో మొనాకో ఫ్రాన్స్ లీగ్ గెలిచింది, ఆ మరుసటి ఏడు ఛాంపియన్స్ లీగ్‌లో సెమీస్ దాకా వెళ్ళింది. ఆ టోర్నీలో హెన్రీవి ఏడు గోల్స్. 1998 ప్రపంచ కప్‌కు ఇరవయ్యేళ్ళ కుర్రాడు. అయినా ఫ్రాన్స్ తరఫున అందరికన్నా ఎక్కువ గోల్స్, మూడు, చేసింది అతనే. ఫైనల్లో మాత్రం మైదానంలోకి దిగలేదు. దించాలనుకునేలోపు సహచరుడు డెసాయీకి రెడ్ కార్డు పడి జట్టు పదిమందికి తగ్గిపోయింది. ఫ్రాన్స్ మొదటిసారి ప్రపంచ కప్ గెలిచిన ఆ రాత్రి రెండు గోల్స్ జిదాన్‌వి. ఆ రాత్రి జనం గుండెల్లోకి వెళ్ళింది జిదాన్. టోర్నీ అంతా ఎక్కువ గోల్స్ చేసిన కుర్రాడు బెంచీ మీద కూర్చున్నాడు. తర్వాత జరిగిన చాలా వాటికి మూలం అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

1999 జనవరిలో ఇటలీ క్లబ్ యువెంటస్‌కు వెళ్ళాడు. అది కలిసిరాలేదు. లీగ్‌లో పదహారు మ్యాచ్‌ల్లో మూడు గోల్స్. ఎడమ వింగ్‌లో ఉండి వెనక్కి వెళ్ళి డిఫెన్స్ చేయమన్నారు. అదే ఏడు ఆగస్టులో, అప్పటికి ఆర్సెనల్ కోచ్‌గా ఉన్న వెంగర్ అతన్ని లండన్‌కు తెచ్చుకున్నాడు. అప్పటిదాకా ఆర్సెనల్ స్ట్రైకర్‌గా ఉన్న అనెల్కా రియల్ మాడ్రిడ్‌కు వెళ్ళిపోయాడు, ఆ ఖాళీలో ఇతన్ని నిలబెట్టాడు. వింగర్‌ను తెచ్చి స్ట్రైకర్‌ను చేస్తానంటే ఎవరు నమ్ముతారు? మొదటి ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ లేదు. గోల్ కొట్టే విద్య మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాల్సి వచ్చిందని తర్వాత తనే చెప్పుకున్నాడు. సెప్టెంబర్ 18న సౌతాంప్టన్‌లో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి మొదటి గోల్ చేశాడు. ఆ సీజన్ ముగిసేసరికి 26.

తర్వాతి లెక్కలు అందరికీ తెలిసినవే, త్వరగా చెప్పేస్తాను. ఆర్సెనల్‌కు మొత్తం 228 గోల్స్, క్లబ్ రికార్డు. ప్రీమియర్ లీగ్‌లో 175. నాలుగుసార్లు లీగ్‌లో అత్యధిక గోల్స్. 2003-04 సీజన్‌లో 38 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడకుండా టైటిల్, 26 విజయాలు, 12 డ్రాలు. తర్వాత బార్సిలోనాలో 2009లో ఒకే సీజన్‌లో మూడు కప్పులు. ఫ్రాన్స్‌కు 123 మ్యాచ్‌ల్లో 51 గోల్స్. ఆ రికార్డును 2022 ఖతార్ ప్రపంచ కప్‌లో జిరూ దాటేదాకా ఎవరూ అందుకోలేదు.

ఇన్ని అంకెల్లో నాకు ఎప్పుడూ గుర్తుండేది ఇంకోటి. 2002-03 సీజన్. లీగ్‌లో 24 గోల్స్ చేశాడు, దాంతోపాటు 20 గోల్స్ ఇతరుల చేత చేయించాడు. ఒక స్ట్రైకర్, గోల్ ముందు కీపర్ ఒక్కడే మిగిలినప్పుడు, పక్కన ఇంకా సులువైన చోట నిలబడ్డ సహచరుణ్ణి చూసి బంతి అటు జరపడం. మా హాస్టల్లో దీని మీద గొడవలయ్యేవి. "వాడే కొట్టుకోవచ్చు కదా, ఎందుకు ఇచ్చాడు?" అని ఒకడు తల పట్టుకునేవాడు. ఆ ఏడు ఇంకొక్క గోల్ సొంతంగా కొట్టుకుని ఉంటే లీగ్ టాప్ స్కోరర్ పట్టం వాన్ నిస్టల్‌రాయ్‌తో సమానంగా అతనికీ దక్కేది. స్వార్థపరుడు, మోసగాడు అని ఎవరైనా అంటే నాకు ముందుగా ఆ ఇరవై పాసులు గుర్తొస్తాయి.

లండన్ అతన్ని నెత్తిన పెట్టుకుంది. 2006 మే 7న ఆర్సెనల్ పాత మైదానం హైబరీలో చివరి మ్యాచ్. విగన్ మీద హ్యాట్రిక్ కొట్టి, మోకాళ్ళ మీద వంగి ఆ గడ్డిని ముద్దు పెట్టుకున్నాడు. ఇంట్లోంచి సామాను సర్దుకుని వెళ్ళేటప్పుడు మన పెద్దవాళ్ళు గడపకు దండం పెడతారే, అలా అనిపించింది నాకు. 2011 డిసెంబర్‌లో కొత్త స్టేడియం బయట అతని కంచు విగ్రహం పెట్టారు. అప్పటికి అతనికి 34 ఏళ్ళు, ఇంకా న్యూయార్క్‌లో ఆడుతూనే ఉన్నాడు. 2002లో టోటెన్‌హామ్ మీద సగం మైదానం పైగా ఒక్కడే పరుగెత్తి గోల్ చేసి, మోకాళ్ళ మీద జారిన భంగిమ అది.

మరి సొంత దేశం? ఫ్రాన్స్ అతన్ని గౌరవించింది. ప్రేమించిందని మాత్రం నేను చెప్పలేను. జిదాన్‌ను ప్రేమించినట్టు అసలే కాదు.

దీనికి రంగే కారణమని తేల్చేసేవాళ్ళున్నారు. అంత సులువుగా నేను ఒప్పుకోను. జిదాన్ తల్లిదండ్రులు అల్జీరియా నుంచి వచ్చినవాళ్ళు. మార్సెయ్ శివార్లలో పేదరికంలో పెరిగాడు. వలస కుటుంబాల పిల్లలను ఆ దేశం అనుమానంగా చూసే రోజుల్లోనే అతణ్ణి గుండెకు హత్తుకుంది. అసలు విషయం ఇంకొకటని నా అభిప్రాయం. హెన్రీ ఇరవై ఒక్క ఏళ్ళకే ఫ్రాన్స్ వదిలాడు. అతని ఆటలో ఎనిమిది బంగారు సంవత్సరాలు లండన్ వాళ్ళ ముందే గడిచాయి. ప్రతి శనివారం చూసినవాళ్ళు అతని అలకలు, చూపులు, మంచిరోజులు, చెడ్డరోజులు అన్నీ చూశారు. ఫ్రాన్స్‌లో జనం మాత్రం అతన్ని నీలం జెర్సీలో ఏడాదికి పదిసార్లు చూశారు, అదీ జిదాన్ పక్కన. ఆ జట్టు జిదాన్ కాళ్ళ చుట్టూ అల్లిన జట్టు. ఆర్సెనల్‌లో బంతి హెన్రీని వెతుక్కుంటూ వచ్చేది. ఫ్రాన్స్ జట్టులో అతనే బంతి కోసం ఎదురుచూడాలి. ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి ఆడారు. అయినా జిదాన్ పాస్‌తో హెన్రీ చేసిన గోల్ అనగానే అందరూ గుర్తుచేసుకునేది ఒక్కటే: 2006 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో బ్రెజిల్ మీద. జిదాన్ ఫ్రీ కిక్ తీశాడు, అవతలి పోస్టు దగ్గర ఎవరూ పట్టించుకోని హెన్రీ దాన్ని గోల్లోకి తన్నాడు. బ్రెజిల్ ఇంటిదారి పట్టింది. రేపొద్దున ఎవరినైనా అడగండి, ఆ మ్యాచ్ జిదాన్ మ్యాచ్ అంటారు.

ఇక ఆ రెండు తప్పుల సంగతి.

2006 జూలై 9, బెర్లిన్, ఇటలీతో ఫైనల్. ఎక్స్‌ట్రా టైమ్‌లో 107వ నిమిషంలో అలసిపోయిన హెన్రీని బయటకు పిలిచారు. మూడు నిమిషాల తర్వాత జిదాన్ మాటెరాజీని తలతో గుద్దాడు. రెడ్ కార్డు. పెనాల్టీలు కొట్టాల్సిన ఇద్దరు పెద్దవాళ్ళూ లేకుండా ఫ్రాన్స్ షూటౌట్‌కు వెళ్ళి 5-3తో ఓడింది. జిదాన్‌కు అది జీవితంలో ఆఖరి మ్యాచ్. కప్పు పోయింది. అయినా జనం క్షమించారు. మర్నాడు అధ్యక్షుడు షిరాక్ జట్టును తన భవనానికి పిలిచి జిదాన్‌ను ఆకాశానికెత్తాడు. ఆ టోర్నీ ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా అతనికే దక్కింది. 2012లో ప్యారిస్ నడిబొడ్డున పాంపిదూ సెంటర్ ముందు ఆ గుద్దిన క్షణాన్నే నిలువెత్తును మించిన కంచు విగ్రహంగా పెట్టారు కూడా.

2009 నవంబర్ 18, ప్యారిస్ శివారులోని స్తాద్ ద ఫ్రాన్స్. 2010 ప్రపంచ కప్‌కు వెళ్ళాలంటే ఐర్లండ్‌ను దాటాలి. డబ్లిన్‌లో ఫ్రాన్స్ 1-0తో గెలిచింది, ఇక్కడ రాబీ కీన్ గోల్‌తో ఐర్లండ్ లెక్క సమం చేసింది. ఆడినంతసేపూ ఐర్లండే బాగా ఆడింది, దాచాల్సిన పని లేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో 103వ నిమిషం. మలూదా ఫ్రీ కిక్ అందరినీ దాటుకుని వచ్చింది. బయటకు పోతున్న బంతిని హెన్రీ ఎడమచేత్తో ఆపాడు, ఆ చేత్తోనే మళ్ళీ అదుపు చేసి, కాలితో గోల్ ముందుకు నెట్టాడు. సహచరుడు గల్లాస్ తలతో గోల్ కొట్టాడు. రిఫరీకి కనపడలేదు. ఫ్రాన్స్ దక్షిణాఫ్రికాకు, ఐర్లండ్ ఇంటికి.

అప్పటికి నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఆ మ్యాచ్ మనకు అర్ధరాత్రి దాటాక వచ్చింది, చూడలేకపోయాను. పొద్దున్నే పేపర్ తిరగేశాను. ఆ వారమంతా స్పోర్ట్స్ పేజీల నిండా సచిన్ ఇరవయ్యేళ్ళ ప్రయాణమే. సాయంత్రం టీవీలో చూసినప్పుడు కడుపులో ఏదో తిప్పినట్టయింది. నేను ఇష్టపడ్డవాడు తప్పు చేశాడు. ఇందులో సందేహం లేదు, దీన్ని సమర్థించడానికి నేనిది రాయడం లేదు.

నేనడిగేది ఒక్కటే. ఆ తర్వాత అతను ఏం చేశాడో ఎంతమందికి గుర్తుంది? మ్యాచ్ అయ్యాక అతను సహచరులతో గంతులేయలేదు. ఐర్లండ్ డిఫెండర్ రిచర్డ్ డన్ కుప్పకూలినట్టు గడ్డి మీద కూర్చుంటే, వెళ్ళి అతని పక్కన నేల మీద కూర్చున్నాడు. బంతి చేతికి తగిలిందని ఆ రాత్రే విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. తాను రిఫరీని కాదని కూడా అన్నాడు, ఆ మాటను జనం పట్టుకున్నారు. రెండు రోజుల తర్వాత, మ్యాచ్ మళ్ళీ ఆడించడమే న్యాయమని ప్రకటన ఇచ్చాడు. ప్రపంచ కప్ బెర్తు చేతిలో ఉన్న జట్టు కెప్టెన్, ఆ బెర్తును మళ్ళీ పణంగా పెట్టమంటున్నాడు! ఫిఫా అప్పటికే కుదరదనేసింది. ఐర్లండ్ సమాఖ్య కోర్టుకు వెళ్ళకుండా ఫిఫా యాభై లక్షల యూరోలు ఇచ్చిన సంగతి 2015లో బయటపడింది. కోట్ల వ్యాపారం సర్దుబాటు చేసుకున్నవాళ్ళను ఎవరూ మోసగాళ్ళనలేదు. ఆ పేరు ఒక్కడి మెడకు చుట్టుకుంది. ఆ రోజుల్లో తన సమాఖ్య కూడా తన వెనక నిలబడలేదని, జాతీయ జట్టుకు ఆడటం మానేద్దామనుకున్నానని హెన్రీ చెప్పాడు.

మనం క్రికెట్ చూసి పెరిగినవాళ్ళం, మనకు ఇది బాగా అర్థం కావాలి. బంతి బ్యాట్ అంచుకు తగిలిందని తెలిసి కూడా అంపైర్ వేలెత్తలేదని క్రీజులో నిలబడిపోయిన బ్యాట్స్‌మన్ ఎంతమందిని చూశాం? 2003 ప్రపంచ కప్ సెమీస్‌లో శ్రీలంక మీద గిల్‌క్రిస్ట్ అంపైర్ నాటౌట్ అన్నా తనంతట తాను నడిచి వెళ్ళిపోతే ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. అంత అరుదు కాబట్టే చెప్పుకుంటున్నాం. నడవని వందలమందిలో ఎవరి జీవితాన్నీ ఆ ఒక్క బంతితో కొలవలేదు మనం. మన హీరో నిలబడితే "అంపైర్ తప్పు" అని సర్దుకున్నాం. 1986లో మారడోనా చేత్తో చేసిన గోల్‌ను అర్జెంటీనా పండగ చేసుకుంది. 2010లో ఉరుగ్వే ఆటగాడు స్వారెజ్ ఘనా గోల్‌ను గీత మీద చేత్తో ఆపితే ఉరుగ్వే అతణ్ణి భుజాన మోసింది.

మరి హెన్రీని సొంతవాళ్ళే ఎందుకు మోయలేదు? నాకు తోచింది చెప్తాను. జిదాన్ తప్పు వల్ల నష్టపోయాడు, జట్టూ నష్టపోయింది. శిక్ష అక్కడికక్కడే పడింది. రెడ్ కార్డు చూసి, కప్పు పక్కనుంచి తల వంచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. శిక్ష పడ్డవాణ్ణి చూస్తే మనసు కరుగుతుంది. హెన్రీ తప్పు వల్ల లాభం వచ్చింది. శిక్ష పడలేదు. ఆ లాభాన్ని తిన్న దేశానికే అది గొంతులో అడ్డం పడింది. పైగా అప్పటి జట్టు మీద, కోచ్ డొమెనెక్ మీద ఫ్రాన్స్ జనానికి ముందునుంచే మంట. ఏడు నెలల తర్వాత దక్షిణాఫ్రికాలో, అనెల్కాను జట్టు నుంచి పంపేశారని ఆటగాళ్ళు బస్సులో కూర్చుని ప్రాక్టీసుకు దిగేది లేదని మొండికేశారు. పరువు పోయింది. ఒక్క మ్యాచ్ గెలవకుండా ఇంటికొచ్చారు. 2010 జూన్ 22న దక్షిణాఫ్రికాతో ఓడిన మ్యాచ్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన హెన్రీకి అదే ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్. వీడ్కోలు లేదు, పూలదండ లేదు. ఆ చేత్తో తెచ్చిన బెర్తు ఇలా ముగిసేసరికి జనం రెండింటినీ ఒకే మూటగా కట్టి అతని నెత్తిన పెట్టారు. ఆ బస్సు సమ్మెలో తన వాటా తప్పు అతనికీ ఉంది, జట్టులో అందరికన్నా అనుభవమున్నవాడు ఆపాల్సింది. కానీ మూట మొత్తం అతనిదే అనడం అన్యాయం.

తప్పు చేసి ఓడినవాణ్ణి ప్రేమించి, తప్పు చేసి గెలిచినవాణ్ణి అసహ్యించుకునే మనం నిజంగా చూస్తున్నది తప్పును కాదు. రెండింట్లో ఏది పెద్ద తప్పు అని మా మేనల్లుణ్ణి ప్రశాంతంగా అడిగి చూశాను. ఒక మనిషిని గుద్దడమా, బంతిని చేత్తో ఆపడమా? వాడు కాసేపు ఆలోచించి "గుద్దడమే కదా మామా" అన్నాడు.

తీర్పు చెప్పేటప్పుడు తూకంలో వేయాల్సినవి ఇంకా ఉన్నాయి. 2004లో స్పెయిన్ కోచ్ అరగోనెస్ తన ఆటగాడు, ఆర్సెనల్‌లో హెన్రీకి సహచరుడు అయిన రేయెస్‌ను రెచ్చగొట్టడానికి హెన్రీ రంగు గురించి నోటితో చెప్పలేని మాట అన్నాడు, కెమెరాకు చిక్కాడు. స్పెయిన్ సమాఖ్య వేసిన జరిమానా మూడు వేల యూరోలు. హెన్రీ దాన్ని మింగి ఊరుకోలేదు. 2005 జనవరిలో నైకీతో కలిసి జాత్యహంకారం మీద పెద్ద ప్రచారం మొదలుపెట్టాడు. నలుపు, తెలుపు రెండు పట్టీలు పెనవేసుకున్న ఆ రబ్బరు బ్యాండ్లు యూరప్ అంతా యువకుల చేతులకు కనిపించేవి. 2020లో మాంట్రియల్ కోచ్‌గా ఉన్నప్పుడు, అమెరికాలో పోలీసు మెడ మీద మోకాలు పెట్టి నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్‌ను చంపిన తర్వాత, మ్యాచ్ మొదలైన దగ్గర్నుంచి 8 నిమిషాల 46 సెకన్లు టచ్‌లైన్ పక్కన మోకాలి మీదే ఉండిపోయాడు. ఎదురుగా మ్యాచ్ జరుగుతోంది, కోచ్ ఒక్క మాట మాట్లాడలేదు. 2021 మార్చిలో, నల్ల ఆటగాళ్ళ మీద బూతులను ఆపేదాకా సోషల్ మీడియాలో ఉండనని తన ఖాతాలన్నీ మూసేశాడు. కాపీరైట్ ఉన్న పాట పెడితే క్షణాల్లో తీసేసేవాళ్ళు, మనిషిని రంగు పేరు పెట్టి తిడితే ఎందుకు తీయలేరని అతని ప్రశ్న. లక్షల మంది అభిమానులున్న ఖాతాలను వదులుకోవడం ఈ రోజుల్లో ఎంత పెద్ద నష్టమో వేరే చెప్పాలా?

కోచ్‌గా మొనాకోలో నాలుగు నెలలు కూడా నిలబడలేకపోయాడు, నిజమే. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ కుర్రాళ్ళను ఫైనల్ దాకా తీసుకెళ్ళి స్పెయిన్ చేతిలో 5-3తో ఓడి రజతం తెచ్చాడు. ఆ పదిహేను రోజులు ఫ్రాన్స్ స్టేడియాలు అతని జట్టు వెనక నిలబడటం చూసి నాకు సంతోషమేసింది. ఆలస్యమైనా, దేశం కాస్త దగ్గరికొచ్చింది.

అదే ఏడు జనవరిలో ఒక పెద్ద ఇంటర్వ్యూ ఇచ్చాడు. అది చూశాక ఇరవయ్యేళ్ళుగా నాకు తెలుసనుకున్న హెన్రీ వేరే మనిషి అయిపోయాడు. ఆడిన కాలమంతా, బహుశా పుట్టినప్పటినుంచీ, తాను డిప్రెషన్‌లోనే ఉండి ఉంటానని, అప్పుడు దాని పేరు తెలియలేదని చెప్పాడు. తండ్రి ఆంటోయిన్ అతణ్ణి పుట్టగానే ఎత్తుకుని వీడు గొప్ప ఫుట్‌బాలర్ అవుతాడన్నాడట. అప్పట్నుంచి కొడుకు పని తండ్రిని మెప్పించడమే. కుర్రాడిగా ఒక మ్యాచ్‌లో జట్టు 6-0తో గెలిచింది. ఆరు గోల్స్ హెన్రీవే. తండ్రి మొహం చూడగానే ఆయనకు నచ్చలేదని తెలిసిపోయింది. కారులో ఇంటికెళ్తూ దారిపొడవునా తండ్రి ఏకరువు పెట్టింది మిస్సయిన అవకాశాల్నీ, సరిగ్గా పడని పాసుల్నీ.

ఇది విన్నప్పుడు నేను వీడియో ఆపేశాను. నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుని ఇంటికెళ్తే "ఆ రెండు ఎక్కడ పోయినయ్?" అనే ప్రశ్న మా ఇంట్లో నేను విన్నాను. మా హాస్టల్లో విననివాళ్ళు లేరు. ఎంసెట్ ర్యాంకుల నడుమ పెరిగినవాళ్ళకు ఆ కారు ప్రయాణం ఎలా ఉంటుందో ఎవరూ వివరించక్కర్లేదు.

ఇంకొకటి కూడా అర్థమైంది. హెన్రీ గోల్ కొట్టాక నవ్వేవాడు కాదు. గోల్ కొట్టి, మొహం చిట్లించి, చేతులు కిందికి వేలాడేసి వెనక్కి నడిచేవాడు. మేము దాన్ని స్టైల్ అనుకున్నాం. హాస్టల్ గ్రౌండులో గోల్ కొట్టిన ప్రతివాడూ అలాగే మొహం పెట్టేవాడు. ఇంగ్లండ్‌లో కొందరు దాన్ని పొగరన్నారు. ఆరు గోల్స్ కొట్టిన రోజు కూడా మంచి మాట దొరకని పిల్లవాడికి గోల్ కొట్టాక ఏం చేయాలో తెలియకపోయి ఉండొచ్చని మాకెవరికీ తట్టలేదు.

మాంట్రియల్‌లో కోవిడ్ రోజుల్లో ఒంటరిగా, పిల్లల్ని ఏడాది పాటు చూడకుండా, దాదాపు ప్రతిరోజూ ఏడ్చానని చెప్పాడు. తర్వాత ఇంటికి వెళ్ళి, మళ్ళీ బయల్దేరబోతూ బ్యాగులు పట్టుకుంటే, పిల్లలు, జీవిత సహచరి, పిల్లల ఆయా, అందరూ ఏడ్చారట. ఆయన బ్యాగులు కింద పెట్టేశాడు. వాళ్ళు ఏడుస్తున్నది ఫుట్‌బాలర్ హెన్రీ కోసం కాదు, తన కోసమని జీవితంలో మొదటిసారి అనిపించిందన్నాడు. కంచు విగ్రహం పెట్టాక పదేళ్ళకు! అరవై వేలమంది పేరు పెట్టి పాడినా అందనిది, ముగ్గురు నలుగురు గుమ్మం దగ్గర ఏడిస్తే అందింది.

ఇదంతా మేనల్లుడికి చెప్పాక, రీల్ కాకుండా ఒక వీడియో నేనే వెతికి పెట్టాను. 2012 జనవరి 9, ఎఫ్‌ఏ కప్, లీడ్స్ యునైటెడ్‌తో. హెన్రీ రెండు నెలల కోసం ఆర్సెనల్‌కు తిరిగి వచ్చాడు. వయసు ముప్ఫై నాలుగు, వేగం తగ్గింది, జెర్సీ మీద 12వ నంబర్. బయట తన విగ్రహం ఉన్న స్టేడియంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. ఆ రాత్రి మ్యాచ్ మనకు ఒంటిగంట దాటాక మొదలైంది. పొద్దున ఆఫీసున్నా మేలుకుని చూశాను. పది నిమిషాలు గడిచాయో లేదో, ఎడమవైపు నుంచి లోపలికి వచ్చి, ఒంటిని తెరిచి, అవతలి పోస్టు వైపు. మా హాస్టల్ గదిలో చూసిన అదే గోల్. హెన్రీ అరుస్తూ పరుగెత్తాడు. ఛాతీ మీద కొట్టుకున్నాడు. నోరంతా తెరిచి, కళ్ళు పెద్దవి చేసి, వెళ్ళి వెంగర్‌ను వాటేసుకున్నాడు. ఒక అభిమానికి గోల్ పడితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందని మ్యాచ్ తర్వాత అన్నాడు.

మేనల్లుడు దాన్ని రెండోసారి వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. అక్క వంటింట్లోంచి పడుకోమని కేకేసింది. వాడు ఫోన్ దించకుండానే అడిగాడు, "మామా, చిన్నప్పుడు ఆరు గోల్స్ కొట్టిండన్నవ్ కదా, ఆ మ్యాచ్ వీడియో ఉంటదా?"

లేదన్నాను. ఉంటే నేనూ చూడాలనుకున్నాను.